తుక్కుగా మారకముందే: విరమణ పొందిన యుద్ధ విమానాలను నిలుపుకోవడం

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన వాడిన తొలి నాలుగు ఇంజన్ల భారీ బాంబర్ షార్ట్ స్టర్లింగ్. కర్మాగారాల నుంచి రెండు వేల మూడు వందలకు పైగా స్టర్లింగ్‌లు బయటికి వచ్చాయి. ఈనాడు ప్రపంచంలో ఏ ప్రదర్శనశాలకు వెళ్ళినా ఒక్క పూర్తి స్టర్లింగ్ కనిపించదు. అదే దేశానికి చెందిన వెస్ట్‌లాండ్ వర్ల్‌విండ్ అనే రెండు ఇంజన్ల పోరాట విమానానికీ, అమెరికా బి-32 డామినేటర్ బాంబర్‌కూ అదే గతి పట్టింది. వీటిలో శత్రువు కూల్చినవి కొన్ని, ప్రమాదాల్లో పోయినవి మరికొన్ని ఉన్న మాట నిజమే. కానీ ఒక రకం విమానం ఆనవాలు లేకుండా అంతరించిపోవడానికి యుద్ధం ఒక్కటే కారణం కాదు; యుద్ధం ముగిశాక, మిగిలినవాటిలో ఒక్కదానినైనా పక్కన పెట్టాలని ఎవరికీ తోచకపోవడం అసలు కారణం.

ఆ రోజుల్లో అలా తోచకపోవడాన్ని నేను తప్పుపట్టలేను. నిన్నటిదాకా చావును మోసుకు తిరిగిన యంత్రాన్ని దాచుకోవాలన్న కోరిక ఎవరికి ఉంటుంది? ఇళ్ళు కట్టుకోవాలి, వంటపాత్రలు కావాలి, అల్యూమినియం కొరతగా ఉంది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో కింగ్‌మన్ అనే చోట వేలాది బాంబర్లను వరుసలుగా నిలిపి, ముక్కలు చేసి, అక్కడే కొలిమిలో కరిగించి దిమ్మెలుగా పోశారు. వాటిలో కొన్ని ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చి, యుద్ధాన్ని చూడకుండానే కరిగిపోయాయి. అప్పటివారికి లేని అనుభవం మనకు ఉంది. ఏది పోయిందో, అది పోయాక తిరిగి సంపాదించడానికి ఎంత శ్రమ పడవలసి వచ్చిందో మనకు తెలుసు. అది తెలిసిన తరువాత కూడా అవే పనులు జరుగుతుండడమే నన్ను బాధపెడుతుంది.

విరమణ పొందిన సైనిక విమానం ఎక్కడికి వెళుతుందని అడిగితే, అందరికీ గుర్తొచ్చేది అదే అరిజోనాలో, టూసాన్ పక్కన ఉన్న డేవిస్-మంథన్ స్థావరం. అక్కడ 1946 నుంచి విమానాలను నిలవ చేస్తున్నారు. గాలిలో తేమ చాలా తక్కువ కనుక లోహం త్వరగా తుప్పు పట్టదు. నేల గట్టిగా ఉంటుంది కనుక కాంక్రీటు పరవకుండానే బరువైన విమానాలను నిలబెట్టవచ్చు. వచ్చిన విమానంలోని ఇంధనాన్ని తీసేసి, గొట్టాల్లో సన్నని నూనె పోసి, ఇంజన్ నోళ్ళను మూసి, పైనుంచి ఎండను తిప్పికొట్టే తెల్లని పూత పూస్తారు. ఫోటోలలో ఆ వరుసలను చూసినవారు అవన్నీ భద్రంగా ఉన్నాయనే అనుకుంటారు. నిజానికి అది ప్రధానంగా విడిభాగాల గిడ్డంగి. ఇంకా ఎగురుతున్న విమానాల కోసం అక్కడున్నవాటి నుంచి ఒక్కొక్క భాగం ఊడదీస్తారు; తీయదగినది ఏమీ మిగలని విమానాన్ని చివరికి తుక్కు వ్యాపారికి అప్పగిస్తారు. కొన్ని మళ్ళీ ఎగురుతాయి, కొన్ని పక్కనే ఉన్న పీమా ప్రదర్శనశాల వంటి చోట్లకు చేరతాయి, కానీ అలా బయటపడేవి కొద్ది మాత్రమే. అందువల్ల ఒక విమానం ఎడారిలో నిలిచి ఉన్నంత మాత్రాన అది దక్కినట్టు కాదు.

ముక్కలు చేయడానికి డబ్బు ఒక్కటే కారణమని అనుకోకూడదు. తుక్కు అల్యూమినియం ధర చాలాసార్లు కోత ఖర్చుకు కాస్త ఎక్కువగా ఉంటుందంతే. రకరకాల మిశ్రమ లోహాలు, ఉక్కు బోల్టులు, తీగలు, రబ్బరు కలగలిసి ఉండడం వల్ల దానిని వేరుచేయడమే పెద్ద పని. అసలు భయం రహస్యాల గురించి, విడిభాగాల గురించి. అమెరికా నావికాదళం ఎఫ్-14 టామ్‌క్యాట్‌ను 2006లో విరమింపజేసింది. అప్పటికి ఆ విమానాన్ని నడుపుతున్న మరో దేశం ఇరాన్ ఒక్కటే. మిగులు విమానాల నుంచి ఒక్క వాల్వ్, ఒక్క సీలు అయినా అక్కడికి చేరుతుందేమోనన్న ఆందోళనతో నిలవలో ఉన్న టామ్‌క్యాట్‌లను యంత్రాలతో చీల్చి చెత్తగా మార్చారు. బి-52 బాంబర్ల విషయంలో కారణం ఇంకొకటి. 1991లో అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య కుదిరిన వ్యూహాత్మక ఆయుధాల ఒప్పందం ప్రకారం 365 బి-52లను నాశనం చేయవలసి వచ్చింది. క్రేనుకు వేలాడదీసిన దాదాపు ఆరు టన్నుల ఉక్కు కత్తిని వాటి మీద పడవేసి ముక్కలు చేశారు. అవతలి పక్షం ఉపగ్రహాల నుంచి లెక్క చూసుకోవడానికి వీలుగా ఆ ముక్కలను 90 రోజులపాటు ఆరుబయటే ఉంచారు. అణ్వాయుధాలు తగ్గాలంటే ఆ బాంబర్లు పోవాలి. ఆ నష్టాన్ని నేను మనస్ఫూర్తిగా అంగీకరిస్తాను.

అంగీకరించలేనిది రాజకీయ తొందరపాటు వల్ల జరిగే విధ్వంసం. కెనడా ప్రభుత్వం 1959 ఫిబ్రవరి 20న ఆవ్రో యారో పోరాట విమాన పథకాన్ని రద్దు చేసింది. అప్పటికే ఎగిరిన ఐదు విమానాలను కోసివేశారు; అచ్చులను, పనిముట్లను, నక్షాలను కూడా నాశనం చేయించారు. పూర్తి కావడానికి సిద్ధంగా ఉన్న ఆరో విమానపు ముక్కు భాగం ఒక్కటి ఒట్టావాలోని ప్రదర్శనశాలలో మిగిలింది. బ్రిటన్‌లో టీఎస్ఆర్-2 అనే దాడి విమానం కథ కూడా దాదాపు ఇదే. 1965 ఏప్రిల్‌లో పథకం రద్దయ్యాక, నిజంగా గాలిలోకి లేచిన ఏకైక విమానాన్ని షూబరీనెస్ అనే చోట తుపాకుల పరీక్షలకు లక్ష్యంగా పెట్టి ఛిద్రం చేశారు. ఎగరని రెండు మాత్రం కాస్‌ఫర్డ్, డక్స్‌ఫర్డ్ ప్రదర్శనశాలల్లో ఉన్నాయి. అదే దేశంలో 2011 జనవరిలో, సముద్రం మీద నిఘా కోసం సిద్ధం చేసిన కొత్త నిమ్రాడ్ ఎంఆర్ఏ-4 విమానాలను ఇంకా సేవలోకి రాకముందే వుడ్‌ఫర్డ్ కర్మాగారం దగ్గర యంత్రాలతో పగలగొట్టారు. ఇలాంటి సందర్భాల్లో ఆ తొందర వెనుక ఉన్నది భద్రత ఒక్కటే అని నేను నమ్మలేను. విమానం కళ్ళముందు ఉన్నంతకాలం దాన్ని రద్దు చేసిన నిర్ణయాన్ని ఎవరో ఒకరు ప్రశ్నిస్తూనే ఉంటారు.

విచిత్రమేమిటంటే, దక్కిన విమానాలలో చాలావాటిని కాపాడింది ముందుచూపు కాదు, ఎవరి అవసరమో, ఎవరి మరుపో. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ భారతదేశంలోనే ఉంది. యుద్ధకాలంలో అమెరికా బి-24 లిబరేటర్ బాంబర్లను 18,000కు పైగా తయారుచేసింది. ఆ దేశపు మరే సైనిక విమానమూ అంత సంఖ్యలో తయారు కాలేదు. యుద్ధం ముగియగానే అవి అన్నిచోట్లా తుక్కుగా మారిపోయాయి. అమెరికా నుంచి అరువుగా తెచ్చుకున్న లిబరేటర్లను బ్రిటిష్ వాయుసేన కాన్పూర్‌లో వదిలివెళ్ళింది. వెళ్ళేముందు అవి మళ్ళీ ఎగరకుండా వాటిని పాడుచేసింది కూడా. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశానికి భారీ బాంబర్లు కావాలి, కొనడానికి డబ్బు లేదు. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ ఇంజనీర్లు ఆ శిథిలాలలోంచి పనికొచ్చే భాగాలను ఏరి, ఒకదాని రెక్కను మరొకదానికి కలిపి, విమానాలను ఎగిరే స్థితికి తెచ్చి బెంగళూరుకు తరలించి పూర్తిగా బాగుచేశారు. భారత వాయుసేన వాటిని 1968 వరకు నడిపింది. అప్పటికి ప్రపంచంలో ఇతర దేశాల దగ్గర లిబరేటర్లు దాదాపు లేవు. ఈనాడు లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉన్న లిబరేటర్, టూసాన్‌లోని పీమా మ్యూజియంలో ఉన్నది, కెనడా జాతీయ విమాన మ్యూజియంలో ఉన్నది, అమెరికాలో చాలాకాలం ప్రదర్శనల్లో ఎగిరిన మరొకటి, ఇవన్నీ భారత వాయుసేన నుంచి వెళ్ళినవే. పీమాకు చేరినది 1969లో ఇక్కడి నుంచి తనంతట తాను ఎగిరి వెళ్ళింది. పేద దేశపు మెకానిక్కులు తమ పని తాము చేసుకుపోతూ, అది తయారైన దేశమే నిలుపుకోలేకపోయిన విమానాన్ని ప్రపంచానికి మిగిల్చారు. ఈ సంగతి మన పాఠకులలో చాలామందికి తెలియకపోవడం నాకు లోటుగా అనిపిస్తుంది.

మరుపు కాపాడిన విమానాల్లో చెప్పుకోదగినవి అమెరికా బి-29 బాంబర్లు. ఈనాడు ప్రపంచంలో ఎగరగలిగిన స్థితిలో ఉన్నవి రెండే. వాటి పేర్లు ఫిఫీ, డాక్. రెండూ కాలిఫోర్నియాలోని చైనా లేక్ ఆయుధ పరీక్షా క్షేత్రంలో గురిచూసి కాల్చడానికి వదిలేసినవే. ఫిఫీని 1971లో అక్కడి నుంచే బాగుచేసి ఎగురవేసుకుపోయారు. డాక్‌ను 1987లో గుర్తించినా, దాన్ని సొంతం చేసుకోవడానికే పన్నెండేళ్ళు పట్టింది. అది పుట్టిన విచిటా నగరానికి ముక్కలుగా చేరి, వందలమంది స్వచ్ఛంద కార్యకర్తల చేతుల్లో పునర్నిర్మాణం పొంది, 2016 జూలైలో మళ్ళీ ఆకాశమెక్కింది.

ఇంతవరకు చెప్పినవి కోత నుంచి తప్పించుకున్న కథలు. తప్పించడంతో పని అయిపోయిందని అనుకోవడమే ఈ రంగంలో జరిగే అతిపెద్ద పొరపాటని నా అభిప్రాయం. మెంఫిస్ బెల్ అనే బి-17 బాంబర్ 1943 మేలో జర్మన్ ఆక్రమిత ఐరోపా మీద తన 25 దాడులు పూర్తిచేసి పేరు పొందింది. తుక్కుకు సిద్ధంగా ఉన్న దానిని 1946లో మెంఫిస్ నగరం 350 డాలర్లకు కొన్నది. అంతకన్నా మంచి ఆరంభం ఏముంటుంది? కానీ ఆ తరువాత దశాబ్దాలపాటు అది ఎక్కువకాలం ఆరుబయట నిలబడింది. వానలో తడిసింది, ఎండకు మాడింది, లోపలి పరికరాలను జ్ఞాపికలుగా ఊడబీక్కుపోయారు. చివరికి 2005లో అమెరికా వాయుసేన దానిని ఒహాయోలోని తన జాతీయ మ్యూజియానికి తీసుకెళ్ళి, 2018 మే 17న, అంటే దాని సిబ్బంది తమ 25వ దాడి పూర్తిచేసిన రోజుకు సరిగ్గా 75 ఏళ్ళ తరువాత, ప్రజల ముందు నిలిపింది. హిరోషిమా మీద అణుబాంబు వేసిన ఇనోలా గే కూడా ఇలాంటి దశనే దాటింది. 1953 నుంచి 1960 వరకు అది ఆండ్రూస్ స్థావరంలో ఆరుబయట ఉంది. పక్షులు గూళ్ళు కట్టాయి, మనుషులు భాగాలు ఎత్తుకుపోయారు. తరువాత దానిని విప్పి నిలవచేశారు. 1984లో మొదలైన పునరుద్ధరణకు సుమారు మూడు లక్షల పని గంటలు పట్టాయని లెక్క. ఒక కప్పు కింద ఉంచి ఉంటే ఆ శ్రమలో ఎంత భాగం మిగిలేదో ఆలోచించండి.

ఆరుబయట విమానానికి ఏమి జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దూరం నుంచి చూసేవారికి అది కనిపించదు. విమానాల్లో వాడే అల్యూమినియంలో బలం కోసం రాగి, జింకు వంటివి కలుపుతారు. ఆ మిశ్రమంలో తుప్పు పైపొరతో ఆగదు. లోహపు రేణువుల మధ్య సరిహద్దుల వెంట లోపలికి పాకి, పొరలు పొరలుగా ఉబ్బిస్తుంది. పైన రంగు మెరుస్తుంటుంది, కింద రెక్కను మోసే దూలం పొడిగా రాలుతుంటుంది. ఉక్కు బోల్టు అల్యూమినియాన్ని తాకినచోట తేమ చేరితే ఆ ఉక్కు తన చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని తినేస్తుంది. చక్రాలలో, గేర్ పెట్టెల్లో ఉండే మెగ్నీషియం ఇంకా వేగంగా పోతుంది. ఎగిరే విమానంలో నీరు బయటికి పోవడానికి పొట్ట కింద చిన్న రంధ్రాలుంటాయి. ఆకులో, పక్షి గూడో అడ్డుపడితే ఆ విమానం లోపల నీటితొట్టెగా మారుతుంది. కాక్‌పిట్ పారదర్శక కప్పు ఎండకు చిట్లి మసకబారుతుంది, టైర్లు పగిలి బరువంతా చక్రపు అంచుల మీద పడుతుంది. సముద్రపు గాలి ఉన్నచోట ఇవన్నీ మరింత త్వరగా జరుగుతాయి. విశాఖపట్నంలో భారత నౌకాదళం తన టీయూ-142 నిఘా విమానాన్ని 2017 మార్చిలో విరమింపజేసి, అదే ఏడాది డిసెంబరులో బీచ్ రోడ్డు మీద మ్యూజియంగా ప్రారంభింపజేయడం నిర్ణయం ఎంత త్వరగా తీసుకోవచ్చో చూపించిన మంచి ఉదాహరణ. అది సముద్రానికి ఎదురుగా ఆరుబయట నిలిచి ఉంది కనుక, దాని ఆయువు ఇకమీద జరిగే నిత్య నిర్వహణ మీదే ఆధారపడుతుంది.

స్థావరాల గేటు ముందు స్తంభం మీద ఎక్కించే విమానాల గురించి నాకు గట్టి అభ్యంతరం ఉంది. వాటి పొట్టలోకి ఉక్కు స్తంభాన్ని దూర్చినప్పుడు అసలు నిర్మాణం శాశ్వతంగా దెబ్బతింటుంది. ఎత్తులో ఉన్నందువల్ల కడగడానికీ, లోపల పరీక్షించడానికీ ఎవరూ తరచుగా ఎక్కరు. బ్రిటిష్ వాయుసేన తన గేట్ల ముందున్న అసలైన స్పిట్‌ఫైర్లను దించి, వాటి స్థానంలో ఫైబర్‌గ్లాస్ నమూనాలను నిలిపింది. నూటికి నూరుపాళ్ళు సరైన పని అది. దారినపోయేవారు చూసి తలెత్తుకోవడానికి నమూనా చాలు. అసలు విమానం లోపల ఉండాలి.

ఎగరాలా, నిలిచి ఉండాలా అన్న వాదంలోనూ నేను ఒక పక్షం తీసుకుంటాను. వల్కన్ ఎక్స్‌హెచ్558 అనే త్రికోణాకారపు రెక్కల బాంబర్‌ను బ్రిటిష్ వాయుసేన 1993లో విరమించాక, ప్రజల విరాళాలతో, లాటరీ నిధి సాయంతో ఒక ట్రస్టు 2007లో తిరిగి ఎగిరించింది. 2015 అక్టోబరులో అది చివరిసారి దిగింది. దానికి అడ్డుపడినది డబ్బు ఒక్కటే కాదు; ఆ విమానపు భద్రతకు పూచీపడే తయారీ సంస్థలు, ఆ తరం పరిజ్ఞానం ఉన్న ఇంజనీర్లు తగ్గిపోతున్నందువల్ల ఇక బాధ్యత వహించలేమని తప్పుకున్నాయి. ఆ ఎనిమిదేళ్ళలో దాన్ని చూసినవారి సంతోషాన్ని నేను తక్కువ చేయను. కానీ 2019లో కనెటికట్‌లో కూలిన బి-17లో ఏడుగురు, 2022లో డల్లాస్ ప్రదర్శనలో ఢీకొన్న రెండు విమానాల్లో ఆరుగురు చనిపోయారు; ఆ విమానాలు కూడా తిరిగి రావు. పదుల సంఖ్యలో మిగిలిన రకమైతే ఒకటో రెండో ఎగరనివ్వవచ్చు. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే రకమైతే నేల మీదే ఉండాలి.

నేల మీద ఉన్నంత మాత్రాన అది మూగదై ఉండనక్కరలేదు. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ కర్క్‌బీలో ఒక లాంకాస్టర్ బాంబర్ ఉంది. ఫ్రెడ్, హెరాల్డ్ పాంటన్ అనే రైతు సోదరులు, 1944 మార్చిలో న్యూరెంబర్గ్ దాడిలో మరణించిన తమ అన్న జ్ఞాపకార్థం, ఒకప్పుడు స్థావరపు గేటు ముందు నిలబడిన ఆ విమానాన్ని 1983లో కొన్నారు. అది తన నాలుగు ఇంజన్లు తిప్పుకుంటూ నేల మీద నడుస్తుంది, జనం ఆ శబ్దాన్ని దగ్గర నిలబడి వింటారు. యంత్రం కదులుతూ ఉంటే దాని రబ్బరు, నూనె, సీళ్ళు కూడా ఆరోగ్యంగా ఉంటాయి.

పూర్తి విమానానికి చోటు లేనప్పుడు ముక్కు భాగాన్ని మాత్రం నిలుపుకోవడం కూడా గౌరవప్రదమైన పనే. కాక్‌పిట్ ఒక మామూలు షెడ్డులో పడుతుంది. ఒక్క కుటుంబం దాన్ని పొడిగా, శుభ్రంగా, పరికరాలన్నీ అమర్చి ఉంచగలదు. ఎండలో పడి పొలుసులు రాలుస్తున్న పూర్తి బాంబర్ కంటే అలాంటి కాక్‌పిట్ చరిత్రను ఎక్కువ నిజాయితీగా చెబుతుంది. అయితే సొంతానికి తెచ్చుకునేవారు కొన్ని సంగతులు తప్పక గుర్తుంచుకోవాలి. ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీట్లలోని పేలుడు గుళికలను అర్హత ఉన్నవారు తీసినట్టు రాతపూర్వక రుజువు ఉండాలి. పాత మీటర్లలో చీకట్లో వెలిగే రేడియం పూత ఉంటుంది, దాన్ని గీకకూడదు, విప్పకూడదు. వేడి తగిలే భాగాల చుట్టూ ఆస్బెస్టాస్ ఉండవచ్చు.

ఒక్కటి కూడా మిగల్చకపోతే ఏమవుతుందో డార్నియర్ డో-17 చూపించింది. జర్మనీ రెండు వేలకు పైగా తయారుచేసిన ఈ బాంబర్ ఒక్కటీ మిగలలేదు. ఇంగ్లిష్ ఛానల్‌లోని గుడ్విన్ ఇసుకతిన్నెల దగ్గర సముద్రం అడుగున ఒకటి కనబడితే, రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం 2013 జూన్‌లో డైవర్లను దింపి దాన్ని పైకి లేపింది. ఉప్పును వదిలించడానికి ఆ శిథిలాన్ని ప్లాస్టిక్ సొరంగాల్లో ఉంచి, సిట్రిక్ ఆమ్లం కలిపిన నీటిని సంవత్సరాల తరబడి చల్లవలసి వచ్చింది. 1945లో ఒక్క విమానాన్ని ఒక షెడ్డులోకి తోసి తాళం వేసి ఉంటే ఇంత పని ఉండేది కాదు.

అన్నిటినీ దాచలేము, దాచకూడదు కూడా. 11,000 పైచిలుకు తయారైన మిగ్-21కు కొరత లేదు. భారత వాయుసేన 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో దానికి వీడ్కోలు పలికాక చూడవలసినది ఎన్ని మిగిలాయని కాదు, ఏవి మిగిలాయని. యుద్ధంలో పాల్గొన్న విమానమేది, దాని నిర్వహణ పుస్తకాలు దానితోపాటు ఉన్నాయా, లోపలి భాగాలు దానివేనా, దానికి కప్పు ఉందా అని అడగాలి. ఈ ప్రశ్నలు విరమణ తేదీకి రెండేళ్ళ ముందు అడిగితే జవాబులు దొరుకుతాయి. వేలం ప్రకటన వచ్చాక అడిగితే రెక్కలు అప్పటికే కోసి ఉంటాయి.

విమానంతోపాటు దాని నిర్వహణ పుస్తకాలు, నక్షాలు, మరమ్మతు రికార్డులు తరలివెళ్ళాలన్న నిబంధనను ప్రతి వాయుసేన పెట్టుకోవాలి. చాలాచోట్ల లోహాన్ని మ్యూజియానికి పంపి కాగితాలను తగలబెడతారు. ఇంకొక పనికి హ్యాంగరు కూడా అక్కరలేదు. ఆ విమానాన్ని తెల్లవారుజామున సిద్ధం చేసిన గ్రౌండ్ సిబ్బంది, ఏ బోల్టు ఎప్పుడూ బిగుసుకుపోయేదో, ఏ వాల్వ్‌ను ఏ శబ్దం వచ్చేదాకా తిప్పాలో తెలిసినవారు, ఇప్పుడు విరమణ పొందుతున్నారు. వారిని విమానం పక్కనే నిలబెట్టి, చేతులతో చూపిస్తూ చెప్పిస్తూ, ప్యానెల్ తరువాత ప్యానెల్ వీడియో తీయించవచ్చు. వల్కన్ ఎక్స్‌హెచ్558ను నేలకు దించిన కారణాల్లో ఆ పరిజ్ఞానపు కొరత కూడా ఉంది.